కడపకు కుదరని చీర

మెదక్ పట్టణ ప్రజలకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, చీరకు జాకెట్టు ఎట్లా కుదరవలెనో గోడకు మనిషి కూడా అట్లే కుదరవలెను. కుదరని పక్షమున గోడనైనా మార్చవలెను, మనిషినైనా మార్చవలెను. ఇట్లు, పరశురాం, మ్యాచింగ్ సెంటర్.

ఈ కరపత్రం రాందాస్ చౌరస్తాలో పంచిన రోజున ఎవరూ ఉలిక్కిపడలేదు. సకల జనులు సమ్మె చేస్తున్న కాలమది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. తెరిచి ఉన్నవల్లా దీక్షా శిబిరాలూ జనం నోళ్లూ మాత్రమే. పొద్దున లేస్తే చేతిలో ఏదో ఒక కరపత్రం పడేది. జనం దీన్ని కూడా సగం చదివి, జై తెలంగాణ అనేసి, మిర్చి బజ్జీల కింద పెట్టుకున్నారు.

మ్యాచింగ్ సెంటర్ అంటే ఏమిటో తెలుగు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మగవాళ్ల కోసం చెప్పుకోవాలి. చీర పట్టుకుపోతే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డా, లంగా, ఫాల్సూ ఇచ్చే దుకాణం అది. మెదక్‌లో ఆ విద్యకు పరశురామే పెద్ద. చీర చేతికిస్తే దుకాణం ముందుకు వచ్చి, ఎండలో పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. లోపలి అంచున గోరంత ముక్క కత్తిరించి నమూనా కింద దాచుకునేవాడు. తర్వాత ఆ చీర తాలూకు జాకెట్టు గుడ్డ భూప్రపంచంలో ఎక్కడున్నా తెప్పించేవాడు. శంకరంపేట నుంచి, కుల్చారం నుంచి ఆడవాళ్లు చీరలు మూటగట్టుకుని అతని దగ్గరికే వచ్చేవారు. రంగు విషయంలో అతను చెప్పిందే కోర్టు తీర్పు. దానిమీద అప్పీలు లేదు.

ఇంతటివాడి చూపు జాకెట్ల మీద నుంచి గోడల మీదికి పోవడానికి కారణం ఒక పాత పత్రిక. హైదరాబాద్ నుంచి వచ్చిన గుడ్డల పెట్టెలో అడుగున పరిచి పంపారు దాన్ని. అందులో రంగురంగుల హాళ్ల బొమ్మలూ, వాటి పక్కన ఒక వ్యాసమూ ఉన్నాయి. ఈ ఏడు ఫ్యాషన్‌లో ఏ రంగు నడుస్తోందో చూసుకుని ఇంటిని కూడా అదే రంగులో అలంకరించుకోవాలట. పరశురాం ఆ వ్యాసాన్ని పురాణంలాగా చదివాడు. చదివి, తన సొంత భాష్యం రాసుకున్నాడు: గోడ అంటే చీర ఒడలు. గోడకింద పట్టీ అంటే అంచు. పరదాలు కొంగు. సోఫా జాకెట్టు. ఇల్లంటే ఆడమనిషి కట్టుకున్న చీరే తప్ప మరొకటి కాదు.

దేశం తలుపులు తెరిచి ఇరవై ఏళ్లయింది. అంతకుముందు మన గోడలకు తెలిసిన రంగులు రెండే, సున్నమూ, చిటికెడు నీలిమందు కలిపిన సున్నమూ. ఇప్పుడు రంగుల దుకాణంలో కంప్యూటర్ వచ్చి కూర్చుంది. ఏ రంగు పేరు చెప్పినా అది వినయంగా డబ్బాలోకి పోస్తుంది. ఇన్ని సౌకర్యాలుండి కూడా మెదక్ ఇళ్లు తెల్లచీర కట్టుకుని నిలబడటం పరశురాంకు కడుపు తరుక్కుపోయేంత బాధ కలిగించింది.

ఈ సిద్ధాంతం విన్న మొదటి ధన్యురాలు ఇందిరమ్మ. కాంట్రాక్టర్ ఇంద్రకరణ్ గారి భార్య. పాపన్నపేట రోడ్డులో రెండంతస్తుల బంగళా కట్టిస్తున్నారు. జాకెట్టు గుడ్డకు వచ్చి, బంగళాకు సలహా తీసుకుని పోయింది.

"ముందుగాల మీ ఇల్లు చేసి చూపియ్యుండ్రి. మంచిగనిపిస్తే మా బంగ్లా మీకే," అని వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఇందిరమ్మ బంగళా చేతికొస్తే మెదక్ మొత్తం చేతికొచ్చినట్టే. ఆమె కట్టిన చీర మర్నాటికి ఊరంతా కడుతుంది. కాబట్టి పరశురాం ఆ సాయంత్రమే పెయింటర్ గాలయ్యను పిలిచి, ఖిల్లా కింద వాడలో తన నాయన కట్టిన ఇంటికి కొత్తచీర కట్టమని ఆజ్ఞాపించాడు.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే బాగా లేదు. కడప మీద అవ్వ కూర్చుని ఉంది.

అవ్వ అంటే పరశురాం తల్లి బాలనర్సమ్మ. తెల్లారి చాయ తాగి కడప మీద, అంటే వీధి గుమ్మం గడప మీద, కూర్చుంటే, ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వాడలో. ఆ దారిన పోయే ప్రతి మనిషీ ఆమెకు జవాబు చెప్పుకుని పోవలసిందే. ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, ఎవరి మేక ఎవరి పెరట్లో పడింది, దవాఖానలో ఎవరికి ఏమయింది, అన్నీ ఆ కడప మీదే నమోదయ్యేవి. పెనిమిటి పోయిన తర్వాత ఆమెకు మిగిలిన రాజ్యం అదే. ఆ రాజ్యాన్ని ఆమె బాగానే ఏలుకుంటోంది.

సమస్య అవ్వ కాదు, అవ్వ చీర. దాని రంగు ఏమిటో మెదక్‌లో ఎవరూ చెప్పలేరు. కొన్న రోజున ఏ రంగో కొన్నామెకే జ్ఞాపకం లేదు. మంజీర నీళ్లలో ఉతికి, బండమీద ఆరేసి, నాట్లకూ కలుపుకూ కట్టి, ఎండా వానా తాగి, చివరికి అది ఏ రంగూ కాకుండా పోయింది. బూడిద అందామంటే కాదు. మట్టి అందామంటే కాదు. రంగుల్లో అంతటి మొనగాడు పరశురాం కన్నతల్లి చీర రంగుకు పేరు పెట్టలేక తలదించుకునేవాడు. కొత్తచీరలు తెచ్చిస్తే ఆమె చక్కగా పెట్టెలో దాచేది. "గిదే మెత్తగుంటదిరా, పెయ్యికి సుఖం," అనేది.

గాలయ్య మొదట మామిడిపండు పసుపు వేశాడు. ఆ ఏటి ఫ్యాషన్ అదేనని పత్రిక చెప్పింది.

"అవ్వా, జర లోపటికొచ్చి కూసో," అన్నాడు పరశురాం.

"ఎందుకురా?"

"ఈ గోడకు నీ చీర సెట్టయితలేదే."

"గోడకు నాకు లగ్గం జేస్తున్నవారా, సెట్టయితందుకు?" అంది అవ్వ. అంది గానీ, కొడుకు ముఖం చూసి లేచి, హాల్లో మూలకు జరిగింది. ఒక్కరోజే కదా అనుకుంది.

ఆ మర్నాడే తెలిసింది, మెదక్‌లో రంగులన్నీ ఎవరెవరికో పట్టా అయిపోయాయని. పసుపు పార్టీవాళ్లు ఆ రోజుల్లో పట్టణంలో బయటికి రావాలంటే జంకేవారు. అలాంటిది ముగ్గురు ధైర్యం చేసి పూలదండతో వచ్చి, ఇంత గడ్డుకాలంలో బహిరంగంగా పసుపు వేసిన వీరుడని పరశురాంను కౌగిలించుకున్నారు. వాళ్లు అటు పోయారో లేదో, ఉద్యమ యువకులు ఇటు వచ్చారు. గోడలన్నీ తనిఖీ చేసి, కడపకు రాసిన పసుపు ఒక్కటి మాత్రం లక్ష్మీదేవిదని తేల్చి, దానికి మినహాయింపు ఇచ్చారు. మిగతాది సాయంత్రంలోగా పోవాలన్నారు.

గాలయ్య గులాబి వేశాడు. ఈసారి ఆ రంగు జండాల వాళ్లు ఆనందబాష్పాలతో వచ్చి, ఇది మన ఇల్లే అని తీర్మానించి, ముందు వరండాలో రిలే నిరాహార దీక్ష పెట్టారు. గులాబి గోడలకు కుదిరేలా కుట్టించిన సోఫా దిండ్లు దీక్షాపరుల తలల కిందికి పోయాయి. మధ్యాహ్నం దీక్ష విరమించినవాళ్లకు పరశురాం భార్య యాదలక్ష్మి అన్నం వండలేక పరేషానయింది. దీక్షలో ఉన్నవాళ్ల కన్నా విరమించినవాళ్లే ఎక్కువ తింటారని ఆమెకు అనుభవపూర్వకంగా తెలిసింది.

గులాబి మీద ఎరుపు వేయించాడు. కామ్రేడ్లు వచ్చారు. వచ్చి, ఈ ఎరుపు మా పార్టీ ఎరుపని ఒకరూ, కాదు, ఇది చీలిపోయినవాళ్ల ఎరుపు, అసలు ఎరుపు ఇంకొంచెం చిక్కగా ఉంటుందని మరొకరూ గోడముందు నిలబడి పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. తన కస్టమర్లలో కూడా ఇంత నిశితమైన చూపు లేదని పరశురాం మనసులోనే మెచ్చుకుని, తెలుపు వేయించాడు. తెలుపైతే ఎవరిదీ కాదని ధీమా.

"తెల్లజండా లేపినవా అన్నా? ఉద్యమం ఓడిందంటవా?" అని అడిగారు యువకులు.

ఇన్నిసార్లు ఇల్లు చీర మార్చిందా, మార్చిన ప్రతిసారీ అవ్వ చీర కుదరలేదు. హాలు మూల నుంచి వంటింటికి, వంటింట్లో నుంచి వెనుక వరండాకు జరిగింది. అక్కడ చూద్దామంటే గోడ, విందామంటే పొరుగింటి బోరు మోటరు. వాడలో ఎవరేం చేస్తున్నారో తెలియక అవ్వకు అన్నం సయించడం మానేసింది. "నా కడప నాకియ్యిరా కొడుకా," అని రోజూ అడిగేది. "గీ రంగు ఆరినంక చూద్దామవ్వా," అని రోజూ చెప్పేవాడు పరశురాం. రంగు ఆరేలోపు మరో రంగు పడేది.

ఇక దిక్కుతోచక అతను పత్రికను మళ్లీ తిరగేశాడు. చివరి పేజీలో పరిష్కారం దొరికింది. న్యూట్రల్ కలర్స్. కంటిని కొట్టవు, దేనితోనూ పోట్లాడవు, అన్నిటితోనూ కలిసిపోతాయి. పెద్దపెద్ద ఇళ్లలో ఇప్పుడివే ఫ్యాషన్. ఇంకేముంది, దుకాణం మీద బోర్డు కట్టించాడు: ఇచ్చట న్యూట్రల్ కలర్లకు సలహా ఇవ్వబడును.

పొద్దున కట్టిన బోర్డు కింద మధ్యాహ్నానికి వెంకట్రాములు సార్ నిలబడి ఉన్నాడు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్, జేఏసీ కన్వీనర్. సమ్మె మూలంగా చరిత్ర చెప్పే పని లేక, చరిత్ర సృష్టిస్తున్నాడు.

"న్యూట్రల్ అంటే ఏంది పరశురాం?" అన్నాడు మెల్లగా.

"ఎటూ గానిది సార్. మస్తు ఫ్యాషన్ నడుస్తుంది."

"ఊరంత ఒక దిక్కు రోడ్డు మీదికొస్తే, నువ్వు ఎటూ గాకుండ గోడ మీద పిల్లి లెక్క కూసుంటవా? పైనుంచి బోర్డు గట్టి అందరికి సలహా ఇస్తవా?"

"అది గోడ రంగు సార్..."

"గోడ ఎవలిది? ఆడ నీళ్లు ఎవలియి, ఈడ నిధులు ఎవలియి? రేపు చౌరస్తల వంటావార్పు ఉంది. ఊరందరి ముంగట న్యూట్రల్ అంటే ఏందో చెప్పు. చెప్పకుంటే నీ దుకాణం మెట్టు ఒక్క ఆడమనిషి ఎక్కదు."

ఆ రాత్రి పరశురాంకు నిద్ర పట్టలేదు. బంగళా సంగతి సరే, ఉన్న దుకాణమే పోయేట్టుంది.

మర్నాడు చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. మెదక్ అంతా అక్కడే వండుకుని అక్కడే తింటోంది. పరశురాంను వేదిక మీదికి ఎక్కించారు. మైకు పట్టుకుని, "అన్నలారా, అక్కలారా" అన్నాడు. ఆపైన మళ్లీ అదే అన్నాడు.  సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ అవ్వ వేదిక ఎక్కింది. కొడుకు ఇంట్లో మాట వినడం లేదు కాబట్టి నలుగురిలో పెట్టి అడగాలని వచ్చింది.

ఉద్యమానికి ముసలమ్మలంటే ప్రాణం. వెంకట్రాములు సార్ పరుగున వచ్చి మైకు ఆమె నోటికి ఆనించాడు. "చూడుండ్రి, నడువరాని అవ్వ సుత కదిలొచ్చింది. అవ్వా, నీకేం గావాలె? గట్టిగ చెప్పు, ఢిల్లీకి వినబడాలె!"

"నాకు కడప గావాలె," అంది అవ్వ.

చౌరస్తాలో గరిటెలు ఆగిపోయాయి. పది జిల్లాల తెలంగాణ అడుగుతుంటే, ముసల్ది ఎక్కడో రాయలసీమలో ఉన్న కడప జిల్లాను కూడా కలిపి అడుగుతోంది. దీనిమీద జేఏసీ వైఖరి ఇంకా నిర్ణయం కాలేదు.

"అవ్వా, కడప మనకెందుకే? అది ఆంధ్రోళ్లది," అన్నాడు సార్ చెమట తుడుచుకుంటూ.

"ఎవలిది?" అవ్వకు ఒళ్లు మండిపోయింది. "నా పెనిమిటి చేతులార వెట్టిన కడప ఆంధ్రోళ్లదెట్లయితది? పొద్దుగాల్నుంచి పొద్దుమీకిదాంక నేను కూసున్న జాగ. ఎవడో వచ్చి రంగు వేసి నన్ను ఎల్లగొడ్తే ఊకుంటనా? నా జాగ నాకియ్యాలె!"

చప్పట్లతో చౌరస్తా దద్దరిల్లింది. ఇంత స్పష్టంగా ఉద్యమ సారాంశాన్ని ఎవరూ చెప్పలేదని, పక్కనున్న వక్తలంతా ఒప్పుకున్నారు. అవ్వ మాత్రం అందరూ తన ఇంటి కడప గురించే ఇంత ఆవేశపడుతున్నారని నమ్మి, కండ్లనీళ్లు పెట్టుకుంది. ఇన్నాళ్లకు తన బాధ ఊరికి తెలిసింది.

పరశురాం వ్యాపారస్తుడు. ఆ చప్పట్ల వేడి చల్లారకముందే తల్లి కొంగు పట్టుకుని పైకెత్తాడు.

"అన్నలారా! న్యూట్రల్ అంటే ఏందని అడిగిండ్రు. గిదీ న్యూట్రల్! నా కన్నతల్లి చీర రంగు! గీ రంగుకు పార్టీ లేదు, జండ లేదు. గీ రంగు ఏ కంపెనీల తయారుగాదు. మన నేల, మన నీళ్లు, మన చెమట కలిసి చేసిన రంగు! గీ రంగును నా ఇంటి గోడగోడకు వేసి, మా అవ్వను నెత్తిన పెట్టుకుంటనని మీ అందరి సాక్షిగ ప్రమాణం చేస్తున్న!"

వెంకట్రాములు సార్ కండ్లు తుడుచుకున్నాడు. న్యూట్రల్‌గా ఉండటమే అసలైన పక్షపాతమని అప్పటికప్పుడు విశ్లేషించాడు.

ఆ వారమే మెదక్‌కు కొత్త ఫ్యాషన్ వచ్చింది. పేరు అవ్వ రంగు. గులాబివాళ్లూ వేశారు, ఎర్రవాళ్లూ వేశారు, పసుపువాళ్లయితే బతుకుజీవుడా అని అందరికన్నా ముందు వేశారు. ఎవరికీ చెందని రంగు కాబట్టి అందరూ మాదేనన్నారు. గాలయ్యకు అన్నం తినే తీరిక లేదు.

కానీ ఆ రంగు ఎట్లా తీయడం? కంప్యూటర్‌కు నమూనా కావాలి. ఒకరికి తీసిన నమూనా మరొకరు నమ్మరు. అసలు చీర ముక్కే కావాలి. మ్యాచింగ్ సెంటర్ పద్ధతి ఉండనే ఉంది. పట్టణంలోని గృహిణులు ఒక్కొక్కరే వచ్చి, గోడకు ఆ రంగు పడి ఆరేదాకా అని ఇంకా వెనుక వరండాలోనే ఉంచిన అవ్వ కాళ్లు మొక్కి, కత్తెర తీసి, గోరంత ముక్క కత్తిరించుకుని పోయేవారు. మొదట లోపలి అంచు పోయింది. తర్వాత కొంగు మూల పోయింది. ఆ తర్వాత మొక్కడం తగ్గింది, ముక్కలు పెరిగాయి. "ఓ బిడ్డా, నన్ను గిట్ల కోస్తరా ఏంది!" అని అవ్వ చీర దగ్గరికి లాక్కునేది. ఒకనాటికి అది కట్టుకుందామంటే ఒంటిని చుట్టి రాలేదు. యాదలక్ష్మి పెట్టె తీసి, నెమలిపింఛం రంగు పట్టుచీర అత్తకు కట్టింది. మిగిలిన పాతచీర ముక్కకు పరశురాం అద్దం కట్టించి, హాల్లో సోఫాపైన వేలాడదీశాడు.

అంతా సిద్ధమయ్యాక ఇందిరమ్మ వచ్చింది. హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. గోడలు అవ్వ చీర రంగు. పరదాలు, సోఫా, చివరికి ఫ్యాను కూడా అదే రంగు. కండ్లకు హాయిగా, సాయంత్రం పొలం నుంచి ఇంటికొచ్చినట్టుంది.

"మస్తుగుందండి," అంది ఇందిరమ్మ. "ఈ రంగు ఎవరి చీరదో ఆ అవ్వను జర చూపియ్యుండ్రి. ఫొటో దిగుత."

అవ్వను పిలిచారు. అవ్వ వచ్చింది. వచ్చి, ఎవరి అనుమతీ అడగకుండా సరాసరి పోయి కడప మీద కూర్చుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. దారిన పోయే మనిషి "అవ్వా, ఏడికి పోయినవ్ ఇన్నొద్దులు?" అని ఆగాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇందిరమ్మ గోడను చూసింది. అవ్వను చూసింది. నెమలిపింఛం ధగధగ మెరిసిపోతోంది.

"అయ్యో," అంది. "అవ్వ అస్సలు మ్యాచ్ కాలే."

పరశురాం కూడా చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. వృత్తిధర్మం గొప్పది. అతను తల్లికోసమైనా అబద్ధం చెప్పలేడు. నిజమే, కుదరలేదు. అతని మనసు చివుక్కుమంది. నిజంగానే చివుక్కుమంది. కానీ ఎదురుగా బంగళా నిలబడి ఉంది.

"అవ్వా, జర ఎనకకు..." అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అవ్వ లేవలేదు.  "నా చీర ఇడిపిచ్చి గోడకు గట్టినవ్. ఇప్పుడు గోడకు నేను సెట్టయితలేనంటవ్. గోడ నీ తల్లి, నేనెవల్నిరా?" అంది.  లేచి, పట్టుచీర కుచ్చిళ్లు కాళ్లకు తట్టుకుంటుంటే గోడ పట్టుకుని, వెనుక వరండాకు పోయింది. ఇందిరమ్మ అద్దంలోని చీర ముక్క పక్కన నిలబడి ఫొటో దిగింది. బంగళా ఖాయమైంది.

తర్వాత మెదక్‌లో ముందుగదులన్నీ అవ్వ రంగులో వెలిగాయి. అవ్వలంతా కొత్తచీరల్లో వెనుక వరండాల్లోకి చేరారు. మూడేళ్లకు రాష్ట్రం వచ్చింది. రాత్రంతా టపాకాయలు పేలాయి. తెల్లారేసరికి గాలయ్య నిచ్చెన వేసి, పరశురాం ఇంటికి మళ్లీ గులాబి కొడుతున్నాడు. ఇప్పుడది ఎవరూ ప్రశ్నించని ఫ్యాషన్.

వెనుక నుంచి అవ్వ నెమ్మదిగా వచ్చింది. "తెలంగాణ వచ్చిందటగదరా. ఇగనన్న నా కడప నాకిస్తవా?"

పరశురాం తల్లి కొంగు అందుకున్నాడు. దాన్ని తడి ఆరని గోడ పక్కన పట్టి, ఒక కన్ను మూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"జర ఆగవ్వా. చూద్దాం," అన్నాడు.

కడప విషయం ప్రస్తుతం పరిశీలనలో ఉన్నది. ఆలస్యంపై అభ్యంతరాలున్న పాఠకులు ముందుగా తమ తమ ఇండ్ల వెనుక వరండాలను ఒకసారి చూసుకొని, అక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకొన్న పిమ్మట మాత్రమే సంప్రదించవలెను. ఇంతవరకు ఎవరూ సంప్రదించలేదు.